రికార్డులో ఆమె పేరేంటి?

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని ఒట్టి మాధవరం అంటే చుట్టుపక్కల వాళ్లకు ఆనదు. 'మిలిటరీ మాధవరం' అనాలి. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచీ తరం వెంట తరాన్ని సైన్యానికి పంపుతున్న ఊరది. ఆ ఊళ్లోనే కాదు, తెలుగునాట ఏ మాజీ సైనికుడి ఇంట్లో చూసినా మంచం కిందో అటక మీదో ఓ నల్ల ట్రంకు పెట్టె కనిపిస్తుంది. మూత మీద తెల్లరంగుతో నంబరు, ర్యాంకు, పేరు. లోపల పతకాలు, పటాలం గ్రూపు ఫొటో, ఉన్ని స్వెట్టరు. అన్నిటికంటే అడుగున ఓ ప్లాస్టిక్ కవరు. అందులో డిశ్చార్జి పుస్తకం, పింఛను మంజూరు పత్రం... అదే, పీపీవో. స్వెట్టరునైతే ఏటా ఎండలో వేస్తారు. కవరు మాత్రం విప్పరు.

విప్పాల్సిన రోజు ఒకటొస్తుంది. చాలా ఇళ్లలో అది ఆయన పోయాక, దినకర్మలు ముగిసిన మర్నాడు. పెద్దకొడుకు కాగితాలు పట్టుకుని, తల్లిని వెంటబెట్టుకుని వెళతాడు. కౌంటర్లో కూర్చున్నాయన ఓసారి కాగితం వంక, ఓసారి ఆధార్ కార్డు వంక చూసి అడుగుతాడు: "ఇందులో లక్ష్మి అని ఉందమ్మా. మీ కార్డులో మహాలక్ష్మమ్మ అనుంది. ఇద్దరూ ఒకరేనా?"

"నేనే బాబూ. మా నాన్నగారు పెట్టింది మహాలక్ష్మమ్మ అని. ఆయన లక్ష్మీ అని పిలిచేవారు."

నలభై ఏళ్ల కిందట ఆ పిలుపే సరిహద్దులోని పటాలం ఆఫీసుకు వెళ్లి, అక్కడి గుమాస్తా చేతిలో ఇంగ్లిషు అక్షరాలై, రికార్డయిపోయింది. పిలిచిన మనిషి లేడు. సాక్ష్యం చెప్పేవాళ్లు లేరు. ఇద్దరూ ఒకరేనని రుజువు చేసుకోవాల్సిన భారం ఆమె మీద పడింది.

ఇది ఏ ఒక్కరి కథో కాదు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల వరండాల్లో తరచూ వినిపించేదే. చేతికందాల్సింది తక్కువేం కాదు. మామూలు కుటుంబ పింఛను ఆఖరి జీతంలో 30 శాతం. ఏడో వేతన సంఘం సిఫార్సుల ప్రకారం 2016 నుంచి దానికి కనీస మొత్తం 9,000 రూపాయలు, ఆపైన కరవు సాయం. రిటైరైన మనిషి చనిపోతే మొదటి ఏడేళ్లు, లేదంటే ఆయన బతికుంటే 67 ఏళ్లు నిండే దాకా, రెంటిలో ఏది ముందైతే అప్పటివరకూ అంతకంటే ఎక్కువే ఇస్తారు. సిపాయిలూ హవల్దార్లూ నలభై దాటీదాటకుండానే ఇంటికొచ్చేస్తారు కాబట్టి ఈ ఏడేళ్ల డబ్బు ఆ ఇళ్లకు చాలా పెద్దది. పిల్లల చదువులూ పెళ్లిళ్లూ సరిగ్గా ఆ వయసులోనే కదా!

కాపీ మీద కాపీ

తప్పు ఎలా దొర్లుతుంది? కుర్రాడు భర్తీ రోజున పేరు చెబుతాడు. రాసుకునే ఆయనది ఏ బీహారో హర్యానానో. మనకు ఇంటిపేరు ముందు, ఆయన అలవాటులో అది వెనక. 'కొల్లి సత్యనారాయణ' అంటే 'కొల్లి' అనేది పేరు, 'సత్యనారాయణ' అనేది ఇంటిపేరు అయిపోవచ్చు. లేదా పదో తరగతి సర్టిఫికెట్లో ఉన్నట్టు 'కె' అన్న ఒక్క అక్షరంతో సరిపెట్టేస్తారు. అప్పలస్వామి మధ్యలో ఖాళీ వచ్చి రెండు ముక్కలవుతాడు. వెంకటేశ్వర్లు చివర 'లు' ఎగిరిపోతుంది. లక్ష్మమ్మ, సీతమ్మల్లోని 'అమ్మ' గౌరవం కోసం తగిలించిందనుకుని తీసేసినవాళ్లూ ఉంటారు. పటాలంలో నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. పింఛను దగ్గరకొచ్చేసరికి నవ్వు రాదు.

శిక్షణ కేంద్రంలో అడుగుపెట్టగానే సైనికుడి పేరిట 'షీట్ రోల్' తెరుస్తారు. ఒకరకంగా అది అతని జాతకం. అయితే దాన్ని పటాలం దగ్గర కూర్చుని ఎవరికివారు దిద్దుకోలేరు. పెళ్లయినా, బిడ్డ పుట్టినా, ప్రమోషనొచ్చినా, కోర్సు పాసైనా, దెబ్బ తగిలినా యూనిట్ ఆఫీసు 'పార్ట్ టూ ఆర్డర్' వెలువరిస్తుంది. అది రికార్డ్ ఆఫీసుకు చేరితే అక్కడ ఎక్కిస్తారు. ఆ ఆర్డరు రాకపోతే పటాలం లెక్కలో పెళ్లి జరగనట్టే, బిడ్డ పుట్టనట్టే! ఫోన్లు లేని కాలంలో అంతా ఉత్తరాల మీదే నడిచింది. 'శ్రావణమాసంలో ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం' అని తండ్రి రాసిన ఇన్‌లాండ్ లెటరు మూడువారాలకు ఏ నాగాలాండ్ కొండల్లోనో చేరితే, అందులో తేదీ ఏది? తోచిన తేదీ ఒకటి చెప్పాడు, అదే పడింది. ఊళ్లో పంచాయతీ పుట్టుకల రిజిస్టరులో ఇంకోటి ఉంటుంది. బడిలో చేర్చిన రోజు పంతులుగారు వేసింది మూడోది. ఒకే పిల్లకు మూడు పుట్టినరోజులు!

రిటైరయ్యాక రికార్డ్ ఆఫీసు వివరాలు పంపితే, ఆర్మీ వాళ్లకైతే అలహాబాద్ (2018 నుంచి ప్రయాగ్‌రాజ్) లోని రక్షణ పింఛన్ల ప్రధాన కార్యాలయం పీపీవో ఇస్తుంది. దాన్నిబట్టి ఇన్నాళ్లూ బ్యాంకులూ, రక్షణశాఖ పింఛను చెల్లింపు కార్యాలయాలూ డబ్బిచ్చాయి. 2021 నుంచి 'స్పర్శ్' అనే కంప్యూటర్ వ్యవస్థ వచ్చింది. పాత పింఛనుదారుల వివరాలన్నీ విడతలవారీగా అందులోకి ఎక్కించారు. గుమాస్తా రాత నుంచి టైపు మిషను, అక్కణ్నుంచి బ్యాంకు కంప్యూటరు, అక్కణ్నుంచి స్పర్శ్... కాపీ మీద కాపీ. బ్యాంకు మేనేజరు మనిషిని చూసి గుర్తుపట్టి, చిన్న తేడాలుంటే సర్దుకుపోయిన రోజులు పోయాయి. కంప్యూటరుకు మొహమాటాల్లేవు. ఆధార్, పాన్, పింఛను పత్రం మూడూ ఒకే పేరు చెప్పాలి. అందుకే ముప్పై ఏళ్లుగా ఎవరికీ అడ్డురాని అక్షరం ఒకటి ఇప్పుడు కొత్తగా గొంతుకు అడ్డం పడుతోంది.

ఏ గుమ్మం తట్టాలి?

మాజీ సైనికులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. తప్పు కనిపించగానే ఎవరికి తోచిన చోట దరఖాస్తు పెడతారు. ఒకే దరఖాస్తు పది ఆఫీసులకు పంపేవాళ్లూ ఉన్నారు. అన్నిచోట్ల నుంచీ వచ్చే జవాబొకటే: 'మీ రికార్డ్ ఆఫీసును సంప్రదించండి.' కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది, తప్పు ఏ మెట్టు మీద పుట్టిందని.

డిశ్చార్జి పుస్తకం, పీపీవో, స్పర్శ్‌లో కనిపించే వివరాలు, ఆధార్... నాలుగూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. మొదటి రెండూ సరిగ్గా ఉండి స్పర్శ్‌లో మాత్రమే తేడా ఉంటే అదృష్టవంతులు. అందులోనే దిద్దుబాటుకు అడగొచ్చు. సొంతంగా చేతకాకపోతే స్పర్శ్ సేవా కేంద్రాలున్నాయి. డిశ్చార్జి పుస్తకం సరిగ్గా ఉండి పీపీవోలో తప్పుంటే, రికార్డ్ ఆఫీసు ద్వారా సవరణ పీపీవో తెప్పించుకోవాలి. దాన్నే 'కొరిజెండం' అంటారు. అసలు రికార్డులోనే తప్పుంటే మాత్రం దారి పొడుగే. అఫిడవిట్, పత్రికల్లో ప్రకటన, జిల్లా సైనిక సంక్షేమ అధికారి ధ్రువీకరణ వంటివి సాధారణంగా అడుగుతారు. ఏ కాగితం కావాలో ఆ రికార్డ్ ఆఫీసునే ముందు ఉత్తరం రాసి అడగడం మంచిది. ఒకచోట చెల్లిన నమూనా ఇంకోచోట వెనక్కి రావచ్చు.

ఆ ఆఫీసులు కూడా ఒక్కచోట లేవు. మద్రాస్ రెజిమెంట్ వాళ్లది నీలగిరుల్లోని వెల్లింగ్టన్. శతఘ్ని దళానిది నాసిక్ రోడ్. సిగ్నల్స్ వాళ్లది జబల్‌పూర్. మద్రాస్ ఇంజినీర్ గ్రూపుది బెంగళూరు. వైద్యదళానికి లక్నో. ఈఎంఈ, ఆర్డినెన్స్ దళాలవాళ్లు మాత్రం అదృష్టవంతులు, సికింద్రాబాద్‌లోనే పని. నౌకాదళ నావికులకు ముంబయిలో, వాయుసేన వాళ్లకు ఢిల్లీ సుబ్రతో పార్కులో. ఉత్తరం రాసేటప్పుడు సర్వీసు నంబరు, చివర ఉండే ఇంగ్లిషు అక్షరంతో సహా వేయాలి. హవల్దారు నాయబ్ సుబేదారైతే నంబరే మారిపోయి ముందు 'జేసీ' అని చేరుతుంది. పాత కాగితాల్లో ఒక నంబరు, కొత్తవాటిలో ఇంకో నంబరు కనిపించి పిల్లలు కంగారుపడేది ఇందుకే. అది తప్పు కాదు.

ఇంకో సంగతి. తేడా ఉన్నప్పుడల్లా సైన్యం రికార్డే మారాలని పట్టుబట్టాల్సిన పనిలేదు. ఆధార్ 2010లో మొదలైంది. నమోదు శిబిరాల్లో పెద్దవాళ్లలో చాలామందికి పుట్టినతేదీ కాగితమే లేదు. వయసు చెబితే జనవరి 1 అని వేసేశారు. యాభై ఏళ్ల కిందటి రికార్డును నిన్నగాక మొన్న ఉజ్జాయింపుగా రాసిన కార్డుకు తగ్గట్టు మార్చమనడం చెప్పుకొలత కోసం కాలు కోసుకోవడమే. కార్డును రికార్డుకు తగ్గట్టు మార్చుకోవడం తేలిక, త్వరగా అవుతుంది కూడా. కాకపోతే జాగ్రత్త... ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టినతేదీ ఒక్కసారే మార్చుకోనిస్తారు. ఆ ఒక్క అవకాశాన్నీ తప్పు తేదీకి ఖర్చుపెట్టుకోకూడదు.

పుట్టినతేదీ విషయంలో సైన్యం ఎంత పట్టుగా ఉంటుందో దేశమంతా చూసింది. జనరల్ వి.కె.సింగ్ 2010లో సైన్యాధిపతి అయ్యారు. సైనిక కార్యాలయంలోని ఒక విభాగం రికార్డులో ఆయన పుట్టింది 1950లో, మరో విభాగం రికార్డులో 1951లో. పదో తరగతి సర్టిఫికెట్ 1951 అంటోంది. అకాడమీలో చేరడానికి పెట్టిన దరఖాస్తులో 1950 ఉంది. ఏడాది తేడా అంటే పదవిలో మరికొన్ని నెలలుండటమా, దిగిపోవడమా అన్న ప్రశ్న. సుప్రీంకోర్టుదాకా వెళ్లారు. 2012 ఫిబ్రవరిలో పిటిషన్ వెనక్కి తీసుకోవాల్సివచ్చింది. కోర్టు చూసింది ఆయన నిజంగా ఎప్పుడు పుట్టారన్నది కాదు, సర్వీసు రికార్డు ఏ తేదీని అంగీకరించిందన్నది. ఆ ఏడాది మే 31న రిటైరయ్యారు. ఉద్యోగం చివర్లో పుట్టినతేదీ మార్చమనడాన్ని ఒప్పుకోకూడదని సుప్రీంకోర్టు 1993లోనే హర్నామ్‌సింగ్ కేసులో చెప్పింది. పదకొండు లక్షలమందికి పైగా ఉన్న సైన్యాన్ని నడిపిన జనరల్‌కే కుదరనిది, రిటైరైన ఇరవై ఏళ్లకు సిపాయి అడిగితే కుదురుతుందా? తన పుట్టినతేదీ జోలికి వెళ్లకుండా మిగతావి దిద్దుకునేవాడే తెలివైనవాడు.

భార్య పుట్టినతేదీ సంగతి వేరు. పాత పీపీవోలు చాలావాటిలో ఆ గడే ఖాళీ. అప్పట్లో ఎవరూ అడగలేదు, వీళ్లూ చెప్పలేదు. 2006 నుంచి 80 ఏళ్లు నిండినవాళ్లకు పింఛనుపై 20 శాతం అదనంగా ఇస్తున్నారు. 85కు 30, 90కి 40, 95కు 50, నూరేళ్లకు నూటికి నూరు. కుటుంబ పింఛనుకూ ఇది వర్తిస్తుంది. పుట్టినతేదీ లేకపోతే 80 నిండినట్టు కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది? మునిమనవళ్లను ఎత్తుకున్న ముసలమ్మ రికార్డు ప్రకారం వయసులేని మనిషి! తీరా తేదీ వేయించబోతే మరో చిక్కు. ఆధార్‌లో ఉజ్జాయింపుగా వేసిన ఏడాదిని బట్టి లెక్కేస్తే, పెద్దకొడుకు పుట్టేనాటికి ఆమెకు పదకొండేళ్లని తేలుతుంది. లెక్క కుదరని చోట ఏ ఆఫీసూ సంతకం చేయదు. అందుకే తల్లి తేదీ ఒక్కటే కాదు, పిల్లల తేదీలన్నీ వరసగా రాసుకుని చూసుకున్నాకే దరఖాస్తు పెట్టాలి.

అసలు పేరే లేకపోవడం అన్నిటికంటే కష్టం. మొదటి భార్య కాలంచేసింది. పిల్లల కోసమని మళ్లీ పెళ్లిచేశారు. ఆయన అప్పటికే రిటైరై ఊళ్లో వ్యవసాయం చేసుకుంటున్నాడు. పటాలానికి ఎవరు రాస్తారు? రికార్డులో పోయినావిడే బతికుంది, ఉన్నావిడ లేదు. రిటైరయ్యాక చేసుకున్న భార్యకూ, ఆ సంతానానికీ కుటుంబ పింఛను హక్కు ఉందని సుప్రీంకోర్టు 1989లో భగవంతి కేసులో తేల్చిచెప్పింది. హక్కుంది, నిజమే. అయితే ముందు మొదటి భార్య మరణ ధ్రువపత్రం కావాలి. ఆ తర్వాత పెళ్లి రుజువు కావాలి. ముప్పై ఏళ్ల కిందట పల్లెలో జరిగిన మరణానికి ధ్రువపత్రమంటే పంచాయతీ రిజిస్టర్లో ఉంటే సరి, లేకపోతే ఆర్డీవో కార్యాలయం చుట్టూ కాళ్లరిగేలా తిరగాలి. భర్త బతికుండగా ఇద్దరూ కలిసి సంతకాలుపెట్టి, ఉమ్మడి ఫొటో అంటించి పంపితే ఒక దరఖాస్తుతో అయ్యేపని ఇది. మగవాళ్లు దీన్ని వాయిదా వేస్తారు. 'నేను పోయాక నీకొచ్చే డబ్బు' గురించి మాట్లాడటం అపశకునమని ఆడవాళ్లూ అడగరు.

నెలల్లో, ర్యాంకులో

పేర్లూ తేదీలే కాదు, అంకెల్లో తప్పులూ ఉంటాయి. ఇవి పైకి కనిపించవు. నెలనెలా కాస్త తక్కువ డబ్బు పడుతూ ఉంటుంది, అంతే. 'ఒకే ర్యాంకు - ఒకే పింఛను' 2014 జులై 1 నుంచి అమల్లోకొచ్చింది. ఉత్తర్వు 2015 నవంబరులో వచ్చింది. ఆ తర్వాత 2019లో, 2024లో సవరించారు. ఆ పట్టికల్లో పింఛను మొత్తం ర్యాంకు, గ్రూపు, ఎన్నేళ్ల సర్వీసు అన్న మూడింటి మీద ఆధారపడుతుంది. సర్వీసును ఆర్నెల్ల లెక్కన చూస్తారు. మూడు నెలలు దాటితే ఆర్నెల్ల కింద జమ. సెలవు మీదకెళ్లి రైలు తప్పిపోయి ఆలస్యంగా చేరిన రోజుల్ని సర్వీసులోంచి కోసేసి ఉంటే, రెండు నెలల ఇరవైతొమ్మిది రోజుల దగ్గర ఆగిపోవచ్చు. ఒక్కరోజు తేడాతో పట్టికలో పై వరస పోతుంది, జీవితాంతం.

రిటైరైన హవల్దారుకు గౌరవ నాయబ్ సుబేదారు హోదా ఇస్తే ఊళ్లో సన్మానం చేస్తారు, ఫొటో పటం కట్టిస్తారు. 2006 నుంచి ఆ గౌరవ హోదాకు నాయబ్ సుబేదారు లెక్కన పింఛను ఇవ్వాలన్న సంగతి, అది పీపీవోలోకి ఎక్కిందా లేదా అన్న సంగతి పటం కట్టించినంత శ్రద్ధగా చూసుకున్నవాళ్లు తక్కువే. గాయమైనవాళ్లది ఇంకో లెక్క. భర్తీ రోజున ఆరోగ్యంగా ఉన్నాడని రాసుకుని, తర్వాత వచ్చిన జబ్బుకు సర్వీసుతో సంబంధం లేదంటే కుదరదనీ, లేదని చూపాల్సిన భారం ప్రభుత్వానిదేననీ 2013లో ధరమ్‌వీర్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంచేసింది. అక్కడ కూడా తీర్పు ఆధారపడింది భర్తీనాటి రికార్డులో ఏం రాశారు, ఏం రాయలేదన్నదాని మీదే.

రికార్డు దిద్దాలంటే ముందు అది ఉండాలి కదా! పింఛను రాని సర్వీసు చేసి వచ్చేసినవాళ్ల కాగితాలను 25 ఏళ్ల తర్వాత తీసేస్తారు. మిగిలేది 'లాంగ్ రోల్' అనే రిజిస్టరులో ఒక వరుస మాత్రమే. అమెరికాలోనైతే సెయింట్ లూయిస్ నగరంలోని సైనిక రికార్డుల భవనం 1973 జులై 12న తగలబడి, కోటీ అరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల దాకా ఫైళ్లు బూడిదయ్యాయి. రెండు ప్రపంచయుద్ధాల్లో పోరాడినవాళ్లవి వాటిలో ఉన్నాయి. నకళ్లు లేవు. పాత జీతాల చీటీలు, ఆసుపత్రి లెక్కలు, ఇళ్లలో దాచుకున్న డిశ్చార్జి కాగితాలు ఏరి తెచ్చి అక్కడివాళ్లు ఇప్పటికీ రికార్డులు అతుకుతున్నారు. మన ట్రంకు పెట్టెలోని కవరు విలువ అప్పుడు అర్థమవుతుంది.

తన రికార్డులో ఏముందో తెలియనివాళ్లకు సమాచారహక్కు చట్టం బాగా పనికొస్తోంది. 2005 అక్టోబరులో అమల్లోకొచ్చిన ఈ చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి, తన షీట్ రోల్ నకలు, అందులో నమోదైన కుటుంబ సభ్యుల వివరాలు కావాలని రికార్డ్ ఆఫీసును అడగొచ్చు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఏం తప్పుందో చూసుకున్నాకే దిద్దమనడం ఉత్తమం. ఊహమీద రాసిన దరఖాస్తులు ఊరికే తిరుగుతుంటాయి.

ఉత్తరాలకు బదులు రాకపోయినా, కాదన్నా సాయుధ దళాల ట్రైబ్యునల్ ఉంది. 2007 చట్టంతో ఏర్పడి, 2009లో పని మొదలుపెట్టింది. తెలుగు రాష్ట్రాల కేసులు చెన్నై బెంచి పరిధిలోవి. అయితే ట్రైబ్యునల్లో గెలిచిన కుటుంబాలు కూడా ఓ విషయంలో నష్టపోతుంటాయి. పింఛను హక్కు నెలనెలా పుట్టేదే కాబట్టి ఆలస్యంగా వచ్చినా కేసు వినొచ్చు గానీ, పాత బకాయిలను మాత్రం కేసు వేయడానికి ముందు మూడేళ్లకే పరిమితం చేయాలని 2008లో తర్సేమ్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. భర్త పోయిన పదేళ్లకు ఎవరో చెబితే తెలుసుకుని వెళ్లిన భార్యకు రికార్డు సరిచేసి ఇచ్చినా, మొదటి ఏడేళ్ల డబ్బు రాకపోవచ్చు. ఎక్కువగా రావాల్సినది ఆ ఏడేళ్లలోనే.